రొయ్యలో మందు వచ్చిందని రేటు కోసేశారు, కాగితం మాత్రం చూపించలేదు. విదేశీ నియమాలకి చిన్న రైతును సిద్ధం చేసే బాధ్యత ఎవరిది?

డెల్టా రైతుబిడ్డ (ప్రశ్న):

మాది భీమవరం దగ్గర పల్లె. సొంతం రెండెకరాలు, లీజుకి ఇంకో మూడెకరాలు, అన్నీ వనామీ రకం రొయ్యల చెరువులే. పోయిన పంటకి పట్టుబడి రోజు, అంటే చెరువులో రొయ్య పట్టే రోజు, తెల్లారేసరికి లారీ, ఐసు, వలలవాళ్లు అందరూ గట్టు మీదకి వచ్చేశాక ఏజెంటు ఫోన్ చేశాడు. "మీ శాంపిల్‌లో యాంటీబయాటిక్ వచ్చింది, యూరప్ సరుకుకి పనికిరాదు" అని చెప్పి కిలోకి బాగా కోసేశాడు. ఏ మందు, ఎంత వచ్చింది, ఏ ల్యాబ్‌లో చేశారు అంటే ఒక్క దానికీ సమాధానం లేదు. అప్పటికే వల దిగిపోయింది, ఐసు కరిగిపోతోంది, ఇచ్చిన రేటుకి ఒప్పుకోక తప్పలేదు. మేత వేసేది నేను, మందుల షాపుకి వెళ్లేది నేను, నాన్న ఏ యాంటీబయాటిక్కూ కొనలేదని నాకు తెలుసు.

అప్పటి నుంచి దీని గురించి దొరికిందల్లా చదువుతున్నాను. పేద దేశాలు విదేశీ ప్రమాణాలను అందుకునేలా "వాణిజ్యానికి సాయం" అనే కార్యక్రమాన్ని 2005 డిసెంబరులో హాంకాంగ్‌లో జరిగిన ప్రపంచ వాణిజ్య సంస్థ (డబ్ల్యూటీవో) మంత్రుల సమావేశంలో మొదలుపెట్టారట. సామర్థ్య నిర్మాణం, సుస్థిర అభివృద్ధి అని ప్రతి డాక్యుమెంట్‌లోనూ ఉంది. నా ప్రశ్న సూటిగా అడుగుతాను. ఆ సామర్థ్యం ఎక్కడ నిర్మిస్తున్నారు? ఢిల్లీలోనా, కొచ్చిలోనా, ప్యాకింగ్ కంపెనీల్లోనా? చెరువు గట్టు దాకా ఏమైనా వస్తుందా? ఎక్కడైనా వచ్చి పనిచేసిన ఉదాహరణ తెలిస్తే చెప్పండి. వచ్చే పంటకి మేం ఏం చేయాలో కూడా చెబితే మేలు చేసినవాళ్లవుతారు.

—

ఎగుమతి ల్యాబ్:

తమ్ముడూ, నేను చాలాకాలం రొయ్యల శాంపిళ్లు పరీక్షించే ల్యాబ్‌లో పనిచేశాను. ముందుగా నీకు జరిగింది తప్పు. పరీక్షలో మందు వచ్చిందంటే దానికో రిపోర్టు ఉంటుంది, అందులో మందు పేరు, మోతాదు, శాంపిల్ నంబరు, తేదీ ఉంటాయి. అవేవీ లేకుండా నోటిమాట మీద రేటు కోశారంటే దాన్ని పరీక్ష ఫలితం అని నేను అనను.

ఇక అసలు సంగతి. నైట్రోఫ్యూరాన్, క్లోరాంఫెనికాల్ అనేవి నిషేధించిన యాంటీబయాటిక్‌లు. యూరప్ ఇప్పుడు నైట్రోఫ్యూరాన్ అవశేషాలకి పెట్టిన హద్దు 0.5 పీపీబీ (వంద కోట్ల భాగాల్లో అర భాగం), క్లోరాంఫెనికాల్‌కి 0.15. ఈ హద్దులు 2022 నవంబరు 28 నుంచి అమల్లోకి వచ్చాయి, అంతకుముందు 1, 0.3 ఉండేవి. 0.5 పీపీబీ అంటే 1000 టన్నుల రొయ్యలో అర గ్రాము. ఆ మోతాదును పట్టుకునే మాస్ స్పెక్ట్రోమీటర్ ధర కోట్లలో ఉంటుంది, దాన్ని నడిపే మనిషికి ఏళ్ల తరబడి శిక్షణ కావాలి. 2002 ప్రాంతంలో యూరప్ ల్యాబ్‌లు ఈ యంత్రాలతో ఆసియా రొయ్యలన్నింటినీ జల్లెడ పట్టాయి, అప్పటిదాకా కనపడనిది ఒక్కసారిగా కనపడింది. సామర్థ్య నిర్మాణం పేరుతో వచ్చిన డబ్బు, శిక్షణ మన దగ్గర ముందు ఇక్కడికే చేరాయి, ల్యాబ్‌లకి. అది తప్పని నేననను, ఎందుకంటే మన ల్యాబ్ రిపోర్టును అవతలి దేశం నమ్మకపోతే కంటైనర్ అక్కడి రేవులో పడి ఉంటుంది. అయినా 2016లో యూరప్ మన చెరువు రొయ్యల కంటైనర్లలో పరీక్షించే వాటా 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. సగం కంటైనర్లు ఆపి చూడటమన్నమాట. ఆ ఆలస్యానికీ ఖర్చుకీ ఎగుమతిదారు ముందే ఒక లెక్క వేసుకుంటాడు, ఆ లెక్క చివరికి దిగేది నీ కిలో రేటులోనే.

మీ నాన్న ఏమీ కొనకపోయినా మందు రావచ్చా అంటే, రావచ్చు. రొయ్య పిల్లని తయారుచేసే హేచరీలో, పిల్ల దశలోనే వాడి ఉండొచ్చు. "గట్ క్లియర్", "గ్రోత్" అని ఏవేవో పేర్లతో అమ్మే సీసాల్లో లేబుల్ మీద రాయనిది కలిపి ఉండొచ్చు, పక్క చెరువు నీళ్లు వచ్చి ఉండొచ్చు. రొయ్య నైట్రోఫ్యూరాన్ తిన్నాక అసలు మందు కొన్ని గంటల్లోనే పోతుంది, దాని ముక్క మాత్రం కండకి అతుక్కుని వారాల తరబడి ఉంటుంది. అందుకే రైతు నిజాయతీగా "నేను వాడలేదు" అన్నా శాంపిల్‌లో కనపడటం నేను చూశాను. ఆ రైతుల ముఖాలు ఇప్పటికీ గుర్తున్నాయి, వాళ్లకి ఎక్కడ పొరపాటు జరిగిందో చెప్పే మనిషి ఆ రోజు వాళ్ల పక్కన ఎవరూ లేరు.

—

కాకినాడ కోస్ట్:

అందరూ ప్రమాణాలు, ప్రమాణాలు అంటారు. కొనే దేశాల సొంత రొయ్య ధర మనకంటే ఎక్కువ, అందుకే మన సరుకు రాకుండా అడ్డం పెట్టడానికి రోజుకో సాకు. అమెరికా 2005 నుంచి మన రొయ్య మీద, మరీ చవగ్గా అమ్ముతున్నామని, యాంటీ డంపింగ్ సుంకం వేస్తోంది, 2024 చివర్లో సబ్సిడీల పేరు చెప్పి ఇంకో సుంకం కలిపింది, 2025 ఆగస్టులో ఏకంగా 50 శాతం వేసింది. ఆ 50 శాతంలో మన రొయ్య తప్పు ఏముందండి? ఆ వారం మా ఊళ్లో 100 కౌంట్ (కిలోకి వంద తూగే రొయ్య) కొనేవాడే లేడు. ఇక శిక్షణ తీసుకుని, ల్యాబ్ పెట్టుకుని, సర్టిఫికెట్ తెచ్చుకుని ఏం లాభం? పోటీలో ఉన్నది ఈక్వెడార్, మన కష్టం వాళ్లకి లాభం.

—

వాణిజ్యశాస్త్రం విద్యార్థి:

కాకినాడ కోస్ట్ గారి కోపం అర్థమవుతుంది, సుంకాల విషయంలో మీరన్నది నిజమే, వాటికీ రొయ్య నాణ్యతకీ ఏ సంబంధం లేదు. కానీ సుంకాన్నీ ప్రమాణాన్నీ ఒకే గాట కడితే నష్టం మనకే. సుంకం మీద మాట్లాడాల్సింది ప్రభుత్వాలు, మందు అవశేషం మాత్రం మన పిల్లలు తినే రొయ్యలో కూడా ఉండకూడనిదే.

అసలు ప్రశ్నకి వస్తే, "సాయం చేయాలి" అన్న మాట చట్టంలో ఎంత బలంగా ఉందో చూడండి. 1995లో డబ్ల్యూటీవోతో పాటే వచ్చిన ఎస్‌పీఎస్ ఒప్పందం ఆహార భద్రత, జంతు, మొక్కల ఆరోగ్యం గురించినది. అందులో 9వ అధికరణం ప్రకారం, కొనే దేశం నియమం వల్ల అమ్మే అభివృద్ధి చెందుతున్న దేశం భారీగా పెట్టుబడి పెట్టాల్సి వస్తే, కొనే దేశం సాంకేతిక సాయం ఇచ్చే విషయాన్ని "పరిశీలించాలి". ఇచ్చి తీరాలి అని లేదు, పరిశీలించాలి అని ఉంది. నియమం మాత్రం పాటించి తీరాలి. ఈ తేడా దగ్గరే అంతా ఉంది, నా మటుకు నాకు ఇది అన్యాయమనే అనిపిస్తుంది. ఇంకో సంగతి, వెనుకబడిన దేశాల కోసం పెట్టిన ప్రత్యేక నిధుల్లో చాలావాటికి భారతదేశం అర్హురాలు కాదు. పైగా మనమే 2008 నుంచి ఆ దేశాల సరుకుకి సుంకం మినహాయింపు ఇస్తున్నాం. అంటే దేశం లెక్కలో మనం ఇచ్చేవాళ్లం, మీ రెండెకరాల లెక్కలో తీసుకోవాల్సినవాళ్లం. ఈ రెండింటి మధ్యా జారిపోయేది మీలాంటి రైతే.

మన ప్రాంతానికి బాగా దగ్గరైన కేసు ఒకటి చెబుతాను. సముద్రంలో రొయ్యల వేటకి వెళ్లే ట్రాలర్ల వలలో తాబేళ్లు పడి చచ్చిపోతున్నాయని, తాబేలు బయటికి పోయే చట్రం వలకి బిగించని దేశాల రొయ్యని అమెరికా ఆపేసింది. దాని మీద భారత్, మలేసియా, పాకిస్తాన్, థాయిలాండ్ డబ్ల్యూటీవోకి వెళ్లాయి. 1998 అక్టోబరులో అప్పీలు తీర్పు వచ్చింది. చాలామంది "అమెరికా ఓడిపోయింది" అనే చెబుతారు, తీర్పు చదివితే అంత సులువు కాదు. తాబేళ్లను కాపాడటానికి దిగుమతి ఆపడం సూత్రంగా సరే అన్నారు. తప్పు ఎక్కడ పట్టారంటే, కరీబియన్ వైపు దేశాలకి అమెరికా 3 ఏళ్ల గడువు ఇచ్చి, సాంకేతిక సాయం చేసి, వాళ్లతో కూర్చుని మాట్లాడింది. మనలాంటి దేశాలకి ఇచ్చింది 4 నెలలు. ఈ వివక్షే తప్పు అన్నారు. నాకు ఆ తీర్పులో అర్థమైంది ఏమిటంటే, గడువు కూడా సాయమే. శిక్షణ ఇచ్చి సమయం ఇవ్వకపోతే ఆ శిక్షణ దేనికీ పనికిరాదు.

—

కాకినాడ కోస్ట్:

తాబేళ్ల మాట ఎత్తారు కాబట్టి చెబుతున్నా. 2019 నుంచి మన సముద్రం రొయ్యని అమెరికా కొనడం లేదు, కారణం ఆ చట్రమే. కొచ్చిలోని కేంద్ర మత్స్య సాంకేతిక సంస్థ సిఫ్ట్ వాళ్లు మన పడవలకి సరిపడేలా చట్రం తయారు చేశారు, అది ఎప్పుడో అయిపోయింది. బోటు మీదకి మాత్రం చేరలేదు. మా వాళ్లని అడిగితే చట్రం పెడితే ఆ సందులోంచి రొయ్య కూడా పోతుందంటారు, డీజిలు ఖర్చు ఇలా ఉన్నప్పుడు ఒక్క కిలో పోయినా ఒప్పుకోరు. నిజంగా ఎంత పోతుందో వాళ్ల వలలోనే, వాళ్ల ముందే తూచి చూపించాలి. హార్బర్‌లో మీటింగ్ పెట్టి ఫొటోలు తీసుకుని వెళ్తే ఎవరు నమ్ముతారు? తీరానికి కొట్టుకొచ్చే తాబేళ్లను చూస్తే మా ఇళ్లలో ఆడవాళ్లు దణ్ణం పెట్టి పూడుస్తారు. మాకు వాటిమీద పగ లేదండి.

—

కంపాలా తెలుగు:

నేను ఉగాండాలో ఉంటాను, ఆహార సరుకుల ఎగుమతి పనిలో. మీ చర్చ చదువుతుంటే ఇక్కడి విక్టోరియా సరస్సు కథ చెప్పాలనిపించింది, ఎందుకంటే సామర్థ్య నిర్మాణం బాగా పనిచేసిందని అందరూ చూపించే ఉదాహరణ ఇది. దాని రెండో సగం ఎవరూ చెప్పరు.

నైల్ పెర్చ్ అని పెద్ద చేప, కోసి ముక్కలుగా యూరప్‌కి పంపుతారు. 1997 నుంచి వరసగా దెబ్బలు. ముందు సాల్మొనెల్లా అన్నారు, తర్వాత కలరా భయం, 1999లో చేపల్ని విషం వేసి పడుతున్నారని తెలిసి మొత్తం ఆగిపోయింది. ఫ్యాక్టరీలు మూతపడ్డాయి, ఒడ్డున చేప కొనేవాడు లేడు. అప్పుడు ఐక్యరాజ్యసమితి పారిశ్రామికాభివృద్ధి సంస్థ యునిడో, ఇంకొందరు దాతలు వచ్చారు. తనిఖీ అధికారం ఎవరిదో తేలక రెండు శాఖలు కొట్టుకుంటుంటే చివరికి మత్స్యశాఖకి ఇచ్చారు, ఇన్‌స్పెక్టర్లకి శిక్షణ ఇచ్చారు, ఫ్యాక్టరీల్లో శుభ్రత పద్ధతులు మార్చారు, కొన్ని రేవుల్లో సిమెంటు గచ్చు, నీళ్లు, కంచె ఏర్పాటు చేశారు. రెండేళ్లు తిరక్కుండానే యూరప్ తలుపు తెరిచింది. ఇంతవరకు విజయమే, ఆ పని చేసినవాళ్లకి నేను చేతులెత్తి మొక్కుతాను.

తర్వాత ఏమైంది? తలుపు తెరిచాక ఫ్యాక్టరీల ఆకలి పెరిగింది, సరస్సులో చేప పెరగలేదు. చిన్న చేపని కూడా పట్టడం మొదలైంది, నిల్వలు పడిపోయాయి, కట్టిన ఫ్యాక్టరీలు సగం సామర్థ్యంతో నడిచాయి, కొన్ని మూసేశారు. 2017లో సరస్సు మీదకి సైన్యాన్ని దింపారు, చట్టానికి ఒప్పని పడవలు, వలలు తగలబెట్టారు. తగలబడినవి ఎక్కువగా చిన్న జాలర్లవే. ఎగుమతి చేసే శక్తి కట్టారు, సరస్సుని చూసుకునే శక్తి దానితో సమానంగా కట్టలేదు. గోదావరి డెల్టాలో కూడా ఇదే భయం నాకు. ప్రమాణం అందుకున్నాక మరిన్ని చెరువులు తవ్వితే ఆ ఉప్పునీళ్లు ఎవరి పొలంలోకి, ఎవరి మంచినీళ్ల బావిలోకి పోతాయి?

—

మొగల్తూరు పాత రైతు:

ఉగాండా బాబు అడిగిన ప్రశ్నే మా తరం అంతా చూసింది. 1994, 95లో వైట్ స్పాట్ అనే రొయ్యల రోగం వచ్చి చెరువులకి చెరువులే తెల్లారేసరికి ఖాళీ అయిపోయాయి, పుస్తెలు తాకట్టు పెట్టిన ఇళ్లు నాకు తెలుసు. ఒకవైపు అది, ఇంకోవైపు వరిచేలు ఉప్పుబారిపోతున్నాయని, తాగే నీళ్లు పాడవుతున్నాయని గొడవలు. 1996 డిసెంబరులో సుప్రీంకోర్టు తీరప్రాంతంలో ఉన్న రొయ్యల చెరువులు తీసేయమంది. చివరికి 2005లో కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ చట్టం వచ్చి రిజిస్ట్రేషన్ పెట్టారు. అందులో రైతుల్ని కష్టపెట్టింది ఉంది, రైతుల తప్పూ ఉంది, రెండూ చెప్పాలి.

చెరువు గట్టు దాకా వచ్చిన పని ఏదైనా ఉందా అని అడిగావు కదా బాబూ, ఉంది, అది మా దగ్గరే జరిగింది. సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల్ని చూసే కేంద్ర సంస్థ ఎంపెడా, బ్యాంకాక్‌లో ఉండే నాకా అనే ఆసియా దేశాల సంస్థ కలిసి 2000 తర్వాత మా మొగల్తూరులో ఒక ప్రయత్నం చేశాయి. వాళ్లు తెచ్చింది యంత్రం కాదు, పెద్ద డబ్బూ కాదు. ఒకే కాలవ నీళ్లు వాడే రైతులంతా ఒక క్లబ్బుగా కూర్చోవాలి, అంతే. సీజన్‌కి ముందే అందరం కలిసి హేచరీకి వెళ్లి మాట్లాడుకునేవాళ్లం, మా కోసం వేరుగా పిల్ల పెంచాలని, రోగం ఉందేమో పీసీఆర్ పరీక్ష చేయించాలని, మందులు వాడకూడదని. ఒక్కడు వెళ్తే హేచరీవాడు కుర్చీ కూడా వేయడు, కాలవంతా కలిసి వెళ్తే మాట వింటాడు. అందరం దగ్గర దగ్గర రోజుల్లోనే చెరువుల్లో సీడ్, అంటే పిల్ల, వదిలేవాళ్లం. ఎవరి చెరువులో రోగం కనపడినా దాచకూడదు, నీళ్లు కాలవలోకి వదలకూడదు, ముందు పక్కవాడికి చెప్పాలి. ఇది చెప్పినంత తేలిక కాదు, తన చెరువు పోతోందని బయటికి చెబితే అప్పిచ్చినవాడు ఆ సాయంత్రమే ఇంటి ముందు కూర్చుంటాడు. అయినా చెప్పారు, ఎందుకంటే మేము చెప్పినప్పుడు ఎదుటివాడు తన తూము మూసుకుని పంట దక్కించుకోవడం కళ్లారా చూశాం.

రోగాలు తగ్గాయి, మందుల ఖర్చు తగ్గింది. ఆ పద్ధతి పనిచేసిందని తేలాకే 2007లో ఇలాంటి రైతు సంఘాల కోసం నాక్సా అనే సంస్థని పెట్టారు, దాని ఆఫీసు మన కాకినాడలోనే. మా తర్వాత ఏమైందంటే, 2009లో వనామీకి అనుమతి వచ్చింది. డబ్బు ఒక్కసారిగా వచ్చిపడింది, లీజులు పెరిగాయి, బయటి నుంచి వచ్చినవాడు ఒక పంట వేసి వెళ్లిపోతాడు, వాడికి కాలవతో ఏం పని? చాలా క్లబ్బులు పేరుకే మిగిలాయి. పథకం తప్పు కాదు, పథకం వచ్చాక ఊళ్లో తిరిగే మనిషిని మానేయడం తప్పు. మాతో పాటు గట్టు మీద చెక్ ట్రే (రొయ్య మేత తింటోందో లేదో చూసే పళ్లెం) ఎత్తి చూసే కుర్రాడు ఒకడు ఉండేవాడు, మూత్రానికి వెళ్లే తీరిక లేకుండా తిరిగేవాడు పాపం. వాడి జీతానికి డబ్బు లేదనేవాళ్లు, మీటింగులకి మాత్రం ఉండేది.

—

వాణిజ్యశాస్త్రం విద్యార్థి:

పెద్దాయన చెప్పినదానికి ఒక్కటి కలుపుతాను. సామర్థ్యం అంటే కొనే దేశాలవాళ్లు చెప్పింది నేర్చుకోవడం ఒక్కటే కాదు, వాళ్ల పరీక్ష తప్పయినప్పుడు తప్పని చూపించగలగడం కూడా. సెమికార్బజైడ్ అనే పదార్థం రొయ్యలో కనపడితే నైట్రోఫ్యూరాన్ మందుల్లో ఒకటైన నైట్రోఫ్యురాజోన్ వాడారని లెక్క వేసేవారు. బంగ్లాదేశ్ 2009లో ఆ సమస్య వల్ల మంచినీటి రొయ్య ఎగుమతిని తనంతట తానే కొన్ని నెలలు ఆపుకుంది. తర్వాత పరిశోధనల్లో ఆ పదార్థం రొయ్య పెంకులో సహజంగానే ఉండొచ్చని తేలింది. ఈ మధ్యలో నష్టపోయిన రైతులకి ఎవరు లెక్క చెబుతారు? సొంత శాస్త్రవేత్తలు, సొంత లెక్కలు ఉన్న దేశమే ఇలాంటి చోట ఎదురు నిలబడగలదు. ల్యాబ్ యంత్రాల కంటే ముందు ఆ పరిశోధన మీద ఖర్చు పెట్టాలని నా అభిప్రాయం.

—

డెల్టా రైతుబిడ్డ:

అందరికీ చాలా థ్యాంక్స్. తాతగారూ, మీరు చెప్పింది నాన్నకి చదివి వినిపించాను. మా కాలవ మీద ఉన్నవాళ్లలో సగం మంది లీజుదారులే, వాళ్లని ఒప్పించడం ఎలాగో తెలియడం లేదు. ల్యాబ్ అన్నా, పట్టుబడికి ముందే మేమే పరీక్ష చేయించుకోవచ్చా? చేయించుకుంటే కంపెనీవాడు ఒప్పుకుంటాడా?

—

ఎగుమతి ల్యాబ్:

చేయించుకోవచ్చు, చేయించుకోవాలి. మందు అవశేషాలు పరీక్షించే ఎంపెడా ఎలిసా ల్యాబ్‌లు ఉన్నాయి, పట్టుబడికి ముందు శాంపిల్ ఇస్తే పరీక్షించి పీహెచ్‌టీ (పట్టుబడికి ముందు పరీక్ష) సర్టిఫికెట్ ఇస్తారు. యూరప్‌కి వెళ్లే చెరువు రొయ్యకి అది ఎలాగూ అడుగుతారు. దానికి ముందు నీ చెరువుకి కోస్టల్ ఆక్వాకల్చర్ అథారిటీ (సీఏఏ) రిజిస్ట్రేషన్, ఎంపెడా ఎన్‌రోల్‌మెంట్ ఉన్నాయో లేదో చూసుకో. లీజు చెరువు అయితే ఆ కాగితాలు యజమాని పేరు మీద ఉండిపోయి పట్టుబడి రోజు ఇబ్బంది పెడతాయి, ఇది చాలామందికి జరుగుతోంది. లీజు రాసుకునేటప్పుడే ఆ కాపీలు తీసుకో.

సర్టిఫికెట్ చేతిలో ఉంటే ఏజెంటు నోటిమాటతో కోయలేడు. అయినా కోస్తానంటే రిపోర్టు చూపించమను, చూపించకపోతే వల దించొద్దు. వల దిగాక బేరం లేదు, అది నీకు తెలిసిందే. మేత బస్తా, ప్రోబయోటిక్ సీసా, హేచరీ బిల్లు ప్రతిదీ ఫొటో తీసి తేదీతో దాచిపెట్టు. మందు నిజంగా వస్తే ఎక్కడి నుంచి వచ్చిందో వెతకడానికి అవే ఆధారం.

లీజుదారుల సంగతి తాతగారే చెప్పాలి.

—

మొగల్తూరు పాత రైతు:

అందరినీ ఒక్కసారే పిలవకు బాబూ, రారు. నీ తూముకి అటూ ఇటూ ఉన్న ఇద్దరు ముగ్గురితో మొదలుపెట్టు, ఈ సీజన్ సీడ్ కలిసి కొనండి, ఒకే హేచరీ, ఒకే పరీక్ష, బిల్లు కూడా కలిపే. సీడ్ రేటు తగ్గిందని, పిల్ల బాగుందని కనపడితే లీజువాడు తనే అడుగుతాడు. కాకినాడ నాక్సా ఆఫీసుకి వెళ్లి మీ మండలానికి ఫీల్డ్ మనిషి ఎవరో పేరు, ఫోన్ నంబరు తీసుకో. లేడంటే ఎందుకు లేడో రాతపూర్వకంగా అడుగు. నీటి పరీక్ష, సీడ్ వదిలే ముందు చేయాల్సినవి నాకు గుర్తున్నంతవరకు రాసి రేపు ఇక్కడే పెడతాను, ఇంకెవరైనా కొత్త పద్ధతులు తెలిసినవాళ్లు ఉంటే సరిదిద్దండి.